మాట్లాడే బొంత

శరణాలయం, వంటగది వెనక వసారా

ఒరేయ్ మిరపకాయ్,

ఉత్తరం మీద నా రాత చూడగానే "ఇన్నాళ్లకి గుర్తొచ్చానా" అని మొహం ముడుచుకునే ఉంటావు. ముడుచుకున్నది చాలు, చదువు.

నాకు పని దొరికింది. ఇల్లు లేని ఆడవాళ్లూ పిల్లలూ తలదాచుకునే శరణాలయంలో ఆయా పని. పక్కలు వేయడం, తీయడం, పిల్లల ముక్కులు తుడవడం. మీ బావ బండి వేసుకుని ఊళ్లు తిరుగుతున్నాడు, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అందుకని పిల్ల పిడుగుని కూడా వెంటబెట్టుకుని వస్తున్నాను. దానికిక్కడ తోటి పిల్లలు దొరికారు. ఇకమీద జవాబు ఇక్కడికే రాయి. ఇంటి దగ్గర పగలు ఎవరమూ ఉండం.

ఉత్తరం ఎందుకంటే, ఇక్కడ ఇచ్చే దుప్పట్లన్నీ బూడిద రంగువి. పొద్దున్నే అన్నీ ఒక కుప్పగా వేస్తారు. సాయంత్రం ఎవరి చేతికి ఏది వస్తే అది. నిన్న ఎవరో జ్వరంతో కప్పుకున్న దుప్పటి ఇవాళ ఇంకెవరి మీదికో వస్తుంది. మొన్న ఒక పిల్ల తన దుప్పటి కోసం కుప్పంతా తిరగేసింది. అన్నీ ఒకేలా ఉంటే ఏం కనుక్కుంటుంది? కుప్ప మీదే కూలబడి ఏడ్చింది.

మీ కార్ఖానాలో పీలికలు మూటలకి మూటలు పోతాయి కదా. వాటితో బొంతలు కుట్టి పంపరా, చలి ముదరకముందే. ఎన్ని వీలైతే అన్ని. రంగురంగులవి. ఒకదానిలాంటిది ఇంకోటి ఉండకూడదు. పిల్ల వేలు పెట్టి "ఇది నాది" అని చూపించగలగాలి.

ముడి లోపలికి వెళ్లేలా కుట్టు. ముడి పైన ఉంటే నిద్రలో బుగ్గకి గుచ్చుకుంటుంది. అమ్మ నీ వేళ్ల మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పింది, మర్చిపోయి ఉండవు.

ఉపన్యాసం లేకుండా జవాబు రాయగలవా? ప్రయత్నించి చూడు.

అక్క


కుట్టు కార్ఖానా, మేడ మీద మగవాళ్ల గది

అక్కా,

ఉపన్యాసం లేకుండా రాయడం నా వల్ల కాదు. కాబట్టి ముందే కానిచ్చేస్తాను, ఓపిక పట్టు.

మనుషులకి ఇళ్లు లేకుండా చేసేది ఎవరు? అద్దె పెంచేవాళ్లు, జీతం పెంచనివాళ్లు. తర్వాత వాళ్లే ఒక శరణాలయం కట్టి, బూడిద దుప్పట్లు పడేసి, గోడ మీద తమ పేరు చెక్కించుకుంటారు. మీ శరణాలయం గోడ మీద ఉన్న పేర్లు ఒకసారి చదువు. మా కార్ఖానా యజమాని పేరు లాంటివే ఉంటాయి. నేను ఇప్పుడు వీటి మీదే చదువుతున్నాను, కూడలిలో పుస్తకాల బండి దగ్గర దొరికిన ప్రతి కరపత్రమూ. ఈమధ్య నేనే ఒకటి రాసి అచ్చు వేయించాను కూడా. గేటు దగ్గర నిలబడి పంచాను. సగం మంది చదవకుండానే దాంతో చేతులు తుడుచుకున్నారు, మిగతా సగం వద్దన్నారు. కట్టలన్నీ నా మంచం కింద ఉన్నాయి. వాటి మీద పడుకోవడం వల్ల మంచం ఎత్తయింది, అంతే లాభం.

ఇంకో సంగతి. ఇచ్చేవాళ్ల మీద ఎంత కోపమో, పుచ్చుకుని తలొంచుకునేవాళ్ల మీద కూడా నాకు అంత కోపమే. నేనైతే రోడ్డు మీద చలికి బిగుసుకుపోతాను గానీ ఒకడు దానమిచ్చిన దుప్పటి కప్పుకోను. నువ్వూ అంతే కదా. మన ఇంటి పొగరు అది. నువ్వు అక్కడ పని చేసి తింటున్నావు, అందుకే నీ మాట వింటున్నాను.

వింటున్నాను అంటే కుడుతున్నాను అని. కటింగ్ మాస్టారుని అడిగితే "పీలికలు ఎటూ మిషన్లు తుడిచేవాళ్లకే పోతాయి, తీసుకో, కానీ మిషను ముట్టుకోకు" అన్నాడు. సరే, చేత్తోనే. మా దగ్గర బొత్తాలు కుట్టే ఆవిడ ఉంది, అందరం గుండీల పిన్ని అంటాం. నేను రంగులు ఏరుతుంటే చూసి, ఎవరికని అడిగింది. చెప్పాను. మర్నాటి నుంచి పని అయ్యాక కూర్చుంటోంది. మాట తక్కువ మనిషి. నా వరసల్ని ఒకసారి చూసి, సగం విప్పేసి మళ్లీ కుట్టింది.

పిడుగుకి చెప్పు, దాని బొంత మామయ్య ఒక్కడే కుడతాడని.

మిరపకాయే


శరణాలయం

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

తలొంచుకునేవాళ్ల మీద కోపమన్నావు. ఇక్కడ కిటికీ పక్క మంచం మీద ఒకావిడ ఉంది. ఆ కిటికీ రెక్క సరిగా పడదు, గాలి సరాసరి మెడ మీదికే వస్తుంది. ఎటు తిరిగి పడుకున్నా ఒక పక్క చల్లబడిపోతుంది. పిల్లని గోడ వైపు పెట్టి తను గాలి వైపు పడుకుంటుంది. పొద్దున్నే లేచేసరికి మెడ తిరగదు. ఆవిడ తలొంచుకుని ఉంటే పొగరు లేక కాదురా, మెడ పట్టేసి. నీ తర్వాతి కరపత్రంలో దీన్ని కూడా రాయి.

చలి వచ్చేసింది. పిల్లలు దగ్గుతున్నారు. తొందరగా పంపు. పార్సిల్ నా పేరు మీదే పంపు, అయితేనే నా చేతికిస్తారు.

నువ్వే తెచ్చి ఇస్తానని మాత్రం బయలుదేరకు. ఇక్కడ మగవాళ్లని లోపలికి రానివ్వరు. ఇంటికొద్దామంటే నేను ఉండను. పని మానుకుని రావడం ఎందుకు?

పిడుగు రోజూ అడుగుతోంది, తన బొంత ఎంతవరకూ వచ్చిందని.

అక్క


కార్ఖానా మేడ

అక్కా,

మూటలు ఇవాళ లారీకి ఎక్కించాను. నా వేళ్లు చూస్తే జాలిపడతావు. చూడవు కాబట్టి చెబుతున్నాను.

కర్టెన్ల గుడ్డతో ఒకటి, మీద పెద్ద పెద్ద పూలు. బడి చొక్కాల చారలతో ఒకటి. ఒకదానికి అన్నీ జేబులే, జేబుకి పనికిరాకుండా వంకరగా కోసిన ముక్కలు దొరికితే వాటన్నిటినీ కలిపేశాం. పసుపు పక్కన ఊదా పెడితే గుండీల పిన్ని కళ్లు మూసుకుంది. కుట్టాక తెరిచి, బాగుందంది. ఏ రెండూ ఒకలా లేవు. ఒట్టు.

పిడుగుది వేరుగా కట్టాను. పోయినసారి వచ్చినప్పుడు దానికి పొట్టయిపోయిందని నా దగ్గర వదిలేసిన చిలకాకుపచ్చ గౌను ఉంది కదా, దాన్ని సగం కోసి మధ్యలో వేశాను. గౌనుకున్న రెండు జేబుల్లో ఒకటి అలాగే ఉంచాను, చెయ్యి పెట్టుకోవచ్చు. మిగతా సగం నా దగ్గరే ఉంది.

ఇంకో విషయం. లోపల పరచడానికి పాత గుడ్డ సరిపోలేదు. నాకొక ఆలోచన వచ్చింది. కాగితం గాలిని ఆపుతుంది, చలిలో సైకిలు తొక్కేవాళ్లు చొక్కా లోపల పేపరు పెట్టుకోవడం నువ్వూ చూసే ఉంటావు. అందుకని కాగితం పరిచాను, నలిపి నలిపి మెత్తబరిచి మరీ. పిన్నికి ఇంతే చెప్పాను. ఎలాంటి కాగితమో మాత్రం నీకు తర్వాత చెబుతాను. ఒక్క మాట చాలు ఇప్పటికి. నేను పంపింది ఒట్టి దానం కాదు. ఆ బొంతలు కప్పుకున్నవాళ్లు ఏదో ఒక రోజు తల ఎత్తుతారు.

ముళ్లన్నీ లోపలికే.

తమ్ముడు


శరణాలయం, మెట్ల మీద

తమ్ముడూ,

వచ్చాయి. మూట విప్పగానే గదిలో ఎవరో దీపాలు వెలిగించినట్టయింది. ఎప్పుడూ ఒకళ్లనొకళ్లు చూసుకోని ఆడవాళ్లు కూడా దగ్గరకొచ్చి ముట్టుకున్నారు. పిల్లలు కొట్టుకున్నారు. జేబుల బొంత కోసం పెద్ద యుద్ధం. ఆఖరికి కుప్ప మీద ఏడ్చిన పిల్లకే ఇచ్చాను. అది ప్రతి జేబులోనూ ఒక రాయి వేసుకుంది, నిద్రపోతే బొంత ఎగిరిపోకుండా అట.

మన పిడుగు జేబులో చెయ్యి పెట్టి పడుకుంటోంది. కదిలితే బొంత లోపల చిన్నగా గరగరమని చప్పుడు వస్తుంది. "అమ్మా, ఇది నాతో మాట్లాడుతోంది" అంటుంది. ఏమంటోందే అని అడిగితే, "మామయ్య కదా, ఏదో అరుస్తున్నాడు" అంది. గదంతా నవ్వింది. మేమిక్కడ నవ్వి చాలా రోజులైందిరా. పొద్దున నా మెడ కూడా తిరిగింది.

ఈమధ్య ముసురు పట్టింది. పైకప్పు ఒకచోట కారుతోంది. వార్డెనమ్మ బాగు చేయిస్తానంటోంది. పెద్ద దాతలు చూడటానికి వస్తున్నారట, ఆలోపు చేయిస్తుందేమో.

గుండీల పిన్నికి నా దండం చెప్పు. కుట్టు చాలా సన్నం ఆవిడది. నీ కుట్టు ఏదో, ఆవిడది ఏదో తడిమి చెప్పగలను.

అక్క


కార్ఖానా మేడ

అక్కా,

మాట్లాడుతోందా! ఆ ఒక్క మాటకి నేను మేడ మెట్లు దిగి, కారణం లేకుండా మళ్లీ ఎక్కాను.

పిల్ల సరిగ్గా కనిపెట్టింది. అది నేనే, నిజంగానే అరుస్తున్నాను. బొంతల లోపల ఉన్నది నా కరపత్రం. గేటు దగ్గర ఎవరూ పుచ్చుకోని కట్టలన్నీ వాటిలోకి పోయాయి. బొంత ఏనాటికో చిరుగుతుంది కదా, ఆ రోజు వాళ్ల చేతిలో పడుతుంది. వద్దనడానికి అక్కడ ఎవరూ ఉండరు. దాతల కప్పు కింద, దాతల మంచం మీద, మన మాట. ఎలా ఉంది?

ఇప్పుడు నావి కొన్ని ప్రశ్నలు. పిడుగు అక్కడ పడుకుంటోందని రాశావు. ఆయా పిల్ల రాత్రిళ్లు అక్కడెందుకు పడుకుంటుంది? "మేమిక్కడ" అన్నావు. మెడ పట్టేసిన ఆవిడ గురించి పోయినసారి రాస్తే చదివి ఊరుకున్నాను, ఈసారి "నా మెడ" అని రాశావు. కార్ఖానాలో కత్తెర పక్కన పెట్టి మళ్లీ చదివాను.

అక్కా, బావ ఎక్కడ? మీరు ఎక్కడ ఉంటున్నారు?

ఇది ఉపన్యాసం కాదు. జవాబు రాయి.

తమ్ముడు


బస్టాండు, టీ కొట్టు పక్క షెడ్డు

తమ్ముడూ,

నీ ఉత్తరం శరణాలయం కాపలా తాత గేటు సందులోంచి అందించాడు. ఆలస్యంగా చేరింది. అది రాకముందే నువ్వు బొంతల్లో ఏం పెట్టావో నాకు తెలిసింది.

వాన ఆగలేదు. కప్పు కారి, పక్కలన్నీ తడిశాయి. గుడ్డ బొంతయితే పిండి ఆరేస్తే ఎప్పటికో ఆరుతుంది. నీవి ఆరలేదు. లోపల కాగితం నాని, ముద్దలై, ఒక మూలకి జారి, బూజు కంపు కొట్టాయి. తీసేద్దామంటే పిడుగు తన బొంత వదల్లేదు. "ఇది నాది" అంది. అలా అనాలనే కదా నేను అడిగి కుట్టించుకుంది. తడి బొంత కిందే పడుకుంది. దగ్గు అక్కడ మొదలైంది.

కంపు ఎక్కడిదని వార్డెనమ్మ కత్తెర తెచ్చి ఒకటి చీల్చింది. తడవని పక్క నుంచి కాగితాలు రాలాయి. ఆ రోజే దాతలొచ్చారు. వాళ్లలో ఒకాయన కాగితం తీసి అందరికీ వినపడేలా చదివాడు, "దానమంటే దోచుకున్నవాడు తిరిగిచ్చే చిల్లర" అని. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపం కూడా రాలేదు ఆయనకి. వార్డెనమ్మకి వచ్చింది. పార్సిల్ ఎవరి పేరు మీద వచ్చిందో ఆవిడకి తెలుసు. "మా కప్పు కింద పడుకుంటూ, మా తిండి తింటూ" అని మొదలుపెట్టింది. బొంతలన్నీ చెత్తబండిలో పడ్డాయి. పిల్లలు బండి వెనక గేటు దాకా పరిగెత్తారు. ఆ పూటే మమ్మల్నీ గేటు బయటికి పంపేసింది.

అవున్రా. మా కప్పు అంది. నేను అక్కడ ఆయాని కాదు. పక్కలు వేయడం నిజమే, అక్కడున్న ఆడవాళ్లందరికీ వంతులవారీగా ఏదో ఒక పని చెబుతారు. మీ బావ బండి వేసుకుని తిరుగుతున్నాడన్నదీ నిజమే. ఎక్కడో, ఎవరితోనో తెలియదు. అద్దె ఇంటివాళ్లు తాళం మార్చారు. కిటికీ పక్క మంచం నాది.

నీకు ఎందుకు చెప్పలేదంటే, పెళ్లికి ముందు నువ్వొక్కడివే వద్దన్నావు. "నేను ముందే చెప్పాను" అనే మాట నీ నోట వినడం కంటే ఈ చలి నయమనిపించింది. తర్వాత మనసు మార్చుకుని చెబుదామనుకున్నాను. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది, దానమిచ్చిన దుప్పటి కప్పుకోను, నువ్వూ అంతే కదా అని. ఇంక ఎలా చెప్పను?

నువ్వు కాగితం దాచావు. నేను కాపురం దాచాను. ముళ్లు లోపలికి వేయడం అమ్మ మనిద్దరికీ మరీ బాగా నేర్పింది.

నీ కరపత్రం ఒకటి నా దగ్గర మిగిలింది. టీ కొట్టు దీపం కింద చదివాను. బాగా రాశావురా, నిజం. ఏ మనిషీ ఆరుబయట పడుకోకూడదని రాశావు. ఆరుబయట పడుకునే చదివాను.

పిల్ల ఒళ్లు కాలిపోతోంది. బస్టాండు కాపలావాడు షెడ్డులో ఉండనివ్వడం లేదు, లేపుతూనే ఉన్నాడు. మేం కనపడకపోతే టీ కొట్టు ఆవిడని అడుగు.

రావద్దని రాశాను కదా ఇంతకుముందు. రా. ఏమీ తేకపోయినా సరే, రా.

అక్క


అదే బస్టాండు, అదే షెడ్డు

అక్కా,

ఈ ఉత్తరం పోస్టు చేయడానికి నీకు చిరునామా లేదు. అందుకని బొంతకి పిన్నుతో గుచ్చి, బొంతని షెడ్డు కమ్మీల మీద వేలాడదీస్తున్నాను.

మీరు నిన్ననే వెళ్లిపోయారట. పిల్ల కళ్లు తేలేసిందట, నువ్వు భుజాన వేసుకుని పరిగెత్తావట. ఎటు అని టీ కొట్టు ఆవిడని అడిగితే, అప్పుడు బస్సు అడ్డమొచ్చింది, చూడలేదంది. ఆ మాట చెప్పి ఆవిడే ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రావడం లేదు.

శరణాలయానికి వెళ్లాను. గేటు పట్టుకుని అందరినీ కడిగేద్దామనే వెళ్లాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. కిటికీ దగ్గర ఒక చిన్న పిల్ల బూడిద దుప్పటి కప్పుకుని నన్నే చూస్తోంది. దాని గుప్పిట్లో గులకరాళ్లు ఉన్నాయి. వేసుకోవడానికి జేబులు లేవు. గేటు వదిలేసి వచ్చేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు పిన్నికి చదివి వినిపించాను. కాగితం సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది. తిడుతుందనుకున్నాను. సూదిలో దారం ఎక్కించి నా పక్కన కూర్చుంది. ఇద్దరం కలిసి రాత్రికి రాత్రే కుట్టిన బొంత ఇది. నా చొక్కాలు కోసేశాను. మధ్యలో చిలకాకుపచ్చది పిడుగు గౌనులో మిగిలిన సగం, రెండో జేబు. దూరం నుంచి కూడా కనపడాలని చుట్టూ ఎర్ర అంచు వేశాం. లోపల అంతా గుడ్డే. పిసికి చూడు, చప్పుడు రాదు. ఏమీ దాచలేదు అందులో.

"నేను ముందే చెప్పాను" అని అనను. అనే మొహం నాకు లేదు. నువ్వు కప్పుకున్నదాని మీద ఉమ్మేసినట్టు రాశాను నేను. నువ్వు దాని కిందే పడుకుని నాకు జవాబు రాశావు, నీ గురించి ఒక్క ముక్క చెప్పకుండా.

అయ్యా, అమ్మా, దారినపోయేవాళ్లెవరైనా ఇది చదివితే, ఈ బొంత తీసుకోకండి. ఇది ఒక పిల్లది. చూస్తే గుర్తుపడుతుంది. ఏ ఆసుపత్రి, ఏ వీధి అని లేకుండా నేను వెతకడానికి పోతున్నాను, మళ్లీ ఇక్కడికే వస్తాను.

అక్కా, పిల్ల ఉందా?

తమ్ముడు


పెద్దాసుపత్రి, పిల్లల వార్డు బయట నడవా

ఒరేయ్ మిరపకాయ్,

ఉంది.

జ్వరం దిగలేదు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఈ రాత్రి గడవాలి అన్నారు డాక్టరు, అంతకంటే ఏమీ చెప్పలేదు.

నువ్వొస్తావని పొద్దున పిల్లని పక్కావిడకి అప్పగించి షెడ్డు దాకా వెళ్లాను. రోడ్డుకి అవతలి నుంచే ఎర్ర అంచు కనపడింది. నువ్వు మాత్రం లేవు. మేం నిన్ను వెతుక్కుంటూ వచ్చే చోట కూర్చోకుండా ఊరంతా వెతకడానికి పోయావు. నీ వరస ఇంక మారదు. బొంత నేనే తీసుకుపోయాను. ఈ ఉత్తరం టీ కొట్టు ఆవిడకి పంపుతున్నాను, ఈసారి నిన్ను కదలనివ్వకుండా పట్టుకుంటానంది.

పిల్ల మీద కప్పాను. చాలాసేపు చలనం లేదు. తర్వాత కళ్లు తెరవకుండానే చెయ్యి పాకించి పాకించి జేబు వెతుక్కుంది. దొరికింది. దానికి చెవి ఆనించి విన్నది. ఎంతసేపు విన్నదో. అప్పుడు పెదాలు వంకర తిప్పి, "అమ్మా, ఇది మాట్లాడటం లేదు. మామయ్యకి కోపం వచ్చిందా" అంది.

వస్తున్నాడు, వచ్చి చెబుతాడన్నాను.

ఈ నడవాలో పిల్లల తల్లులం చాలామందిమి ఉన్నాం, అందరం నేల మీదే. గోడ మీద దాతల పేర్లున్నాయి. నా దగ్గరున్న నీ కాగితం పక్కావిడ అడిగి తీసుకుంది, తనకి చదువు రాదు, చదివి పెట్టమంది. సగం చదివి మడిచి పెట్టాను. మిగతాది నువ్వు చదవాలి.

తొందరగా రా. కాగితాలు ఇంకా ఉంటే అవి కూడా తీసుకురా. ఈసారి దేన్లోనూ పెట్టి కుట్టకు. అందరికీ కనపడేలా చేతిలో పట్టుకుని రా.

అక్క